పాత సైన్స్ ఫిక్షన్‌లో ఒకే స్పేస్‌సూట్ మళ్ళీ మళ్ళీ: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత హాలీవుడ్ అంతరిక్షం సినిమాలు, బ్లాక్ అండ్ వైట్ టీవీ సీరియళ్ళు వరసపెట్టి చూసేవాళ్ళకి ఎక్కడో ఒక చోట "అరె, ఈ సూట్ ఇంతకుముందు చూశానే" అనిపిస్తుంది. అనిపించడం కాదు, చాలాసార్లు నిజంగానే చూసి ఉంటారు. నేను ఇరవై ఏళ్ళ నుంచి ఈ సూట్ల వెనక పడుతున్నాను, ఫ్రేమ్ ఆపి, జూమ్ చేసి, మెడ దగ్గర రింగులూ ఛాతీ మీద పెట్టెలూ పోల్చుకుంటూ. తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

ఒక సినిమాలో సూట్ ఇంకో సినిమాలో వాడారని అసలు ఎలా కనిపెడతారు?

కథని కాసేపు పక్కన పెట్టి బట్టల్ని చూడాలి, అంతే. మొదట చూడాల్సింది మెడ రింగు. హెల్మెట్ కూర్చోవాల్సింది దాని మీదే కాబట్టి అది గట్టిగా ఉంటుంది, మార్చడం పెద్ద పని, రంగు మారుస్తారు, బ్యాడ్జీలు పీకేస్తారు, బెల్టు మారుస్తారు కానీ రింగు జోలికి మామూలుగా పోరు. తర్వాత ఛాతీ మీద పెట్టె, దానికి గొట్టాలు ఎటువైపు నుంచి వస్తున్నాయో చూడండి. ఆ తర్వాత అతుకులు. భుజం దగ్గర, మోకాలి దగ్గర గుడ్డ ఎక్కడ కలిపి కుట్టారో అది మనిషి చేతిరాతలాంటిది, ఇద్దరు టైలర్లు ఒకేలా కుట్టరు.

పాత బ్యాడ్జీ పీకేసిన చోట గుడ్డ రంగు కొంచెం ముదురుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ వెలుతురు తగల్లేదు. మంచి ప్రింట్ దొరికితే అది కూడా కనపడుతుంది. అలాంటిది మొదటిసారి నా కంటికి నేనుగా పట్టుకున్న రోజు నాకింకా గుర్తుంది, రాత్రి ఒంటిగంటప్పుడు ఇంట్లో అందరూ పడుకుంటే ఒక్కణ్ణే లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను.

ఎందుకు మళ్ళీ వాడేవాళ్ళు? డబ్బుల్లేకేనా?

డబ్బు ఒక కారణం, కానీ అదొక్కటే అనుకుంటే సగమే అర్థమైనట్టు.

మామూలు కోటు అయితే హీరో కొలతలకి కుడతారు, ఇంకొకడికి సరిపోదు. స్పేస్‌సూట్ అలా కాదు, వదులుగా ఉంటుంది, లోపల ఏదైనా కూరుకోవచ్చు, పొట్టివాడికీ పొడుగువాడికీ సరిపోతుంది. పైగా హెల్మెట్ పెట్టాక మొహం సరిగ్గా కనపడదు, డూప్‌ని పెట్టినా తెలీదు. ఇంకో విషయం, స్పేస్‌సూట్ ఏ కాలానిదీ కాదు ఏ ఊరిదీ కాదు, 1950లో చంద్రుడి మీద వేసుకున్నది 1951లో అంగారకుడి మీద వేసుకుంటే ఎవరూ తప్పు పట్టలేరు. అదే ఒక రాజుగారి అంగీ అయితే ఏ శతాబ్దం, ఏ దేశం అని అడుగుతారు.

ఊళ్ళో పౌరాణిక నాటకం వేసేటప్పుడు డ్రెస్సులు అద్దెకి తెచ్చుకోవడం మనకి తెలిసిందే కదా, నిన్న ఇంకో ఊళ్ళో రాముడు పెట్టుకున్న కిరీటం ఇవాళ మన ఊళ్ళో కృష్ణుడి నెత్తి మీద ఉంటుంది, పక్కన నెమలి ఈక చెక్కుతారు, సరిపోతుంది. హాలీవుడ్‌లోనూ అదే పద్ధతి, కాకపోతే పెద్ద ఎత్తున. లాస్ ఏంజెలెస్‌లో వెస్టర్న్ కాస్ట్యూమ్ కంపెనీ అని 1912 నుంచి ఉంది, బట్టలు కుట్టి అద్దెకివ్వడమే వాళ్ళ వ్యాపారం. పెద్ద స్టూడియోలకైతే సొంత బట్టల గోడౌన్లే ఉండేవి, ఒకసారి కుట్టించింది అక్కడికి చేరితే తర్వాత ఎవరి షూటింగ్‌కి పనికొస్తే వాళ్ళకి వెళ్ళేది.

వీటన్నిటికంటే నాకు ముఖ్యం అనిపించే కారణం ఇంకోటుంది, పాత షాట్లతో మ్యాచ్ అవ్వాలి కాబట్టి అదే సూట్ వాడాల్సి రావడం. దాని గురించి కింద కమాండో కోడీ దగ్గర వివరంగా రాశాను.

కలర్‌లో స్పేస్‌సూట్ అంటే ఏ సినిమా దగ్గర మొదలుపెట్టాలి?

డెస్టినేషన్ మూన్, 1950. జార్జ్ పాల్ నిర్మాత, ఇర్వింగ్ పిషెల్ దర్శకుడు, టెక్నికలర్, స్పెషల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. రచయిత రాబర్ట్ హైన్‌లైన్ స్క్రిప్ట్‌లో పాలు పంచుకున్నాడు, చంద్రుడి నేపథ్య చిత్రాలు చెస్లీ బోన్‌స్టెల్ వేశాడు. ఇందులో నలుగురు మనుషులు నాలుగు వేర్వేరు రంగుల సూట్లలో ఉంటారు. హెల్మెట్లు పెట్టాక ఎవరు ఎవరో ప్రేక్షకుడికి తెలియాలి కదా, అందుకని రంగులు. ఇది చాలా తెలివైన ఆలోచన అని నా అభిప్రాయం, తర్వాత 2001: ఎ స్పేస్ ఒడిస్సీలో కూడా ఎర్ర సూట్, పసుపు సూట్ కనపడతాయి.

ఆ సూట్లు మరుసటి ఏడాదే బయటికి వచ్చాయి. 1951లో మోనోగ్రామ్ వాళ్ళు ఫ్లైట్ టు మార్స్ అని తక్కువ ఖర్చులో, సినీకలర్‌లో, చాలా తొందరగా తీసిన సినిమా ఒకటుంది. అందులో అంగారకుడి మీద ఉండేవాళ్ళు బయట తిరిగేటప్పుడు వేసుకునేవి డెస్టినేషన్ మూన్ సూట్లే. అంటే 1950లో అమెరికా వాళ్ళు చంద్రుడి మీద వేసుకున్నవి 1951లో అంగారకుడి వాళ్ళ బట్టలయ్యాయి. అదే సినిమాలో రాకెట్ లోపలి సామాను 1950లో లిప్పర్ట్ కంపెనీ తీసిన రాకెట్‌షిప్ ఎక్స్-ఎమ్ నుంచి వచ్చింది. 1950లో పోటీపడిన రెండు సినిమాలు, ఒకదాని బట్టలూ ఇంకోదాని కుర్చీలూ, ఏడాది తిరిగేసరికి మూడో సినిమాలో కలిసి కూర్చున్నాయి. ఇది తెలిశాక ఫ్లైట్ టు మార్స్ కథ ఎలా ఉందన్నది నాకసలు పట్టలేదు, ప్రతి ఫ్రేమూ విలువగానే అనిపించింది.

రాకెట్‌షిప్ ఎక్స్-ఎమ్‌లో సూట్లు ఎక్కణ్ణుంచి తెచ్చారు?

కుట్టించలేదు. పద్దెనిమిది రోజుల్లో షూటింగ్ అయిపోయిన సినిమా అది, డెస్టినేషన్ మూన్ కంటే ముందు థియేటర్లలో ఉండాలనే తొందర. మిలిటరీ సర్‌ప్లస్ ఓవరాల్స్, విమానం నడిపేవాళ్ళ లెదర్ జాకెట్లు, గ్యాస్ మాస్కులు, ఇవే వేసుకుని అంగారకుడి మీద నడుస్తారు. యుద్ధం అయిపోయి ఐదేళ్ళే, అలాంటి సామాను అమెరికాలో ఎక్కడ పడితే అక్కడ దొరికేది. నిజం చెప్పాలంటే అంగారకుడి సీన్లకి వేసిన ఎర్రటి టింట్‌లో ఆ మాస్కులు చూస్తే ఈరోజుకీ ఒళ్ళు జలదరిస్తుంది, నిజంగా వాడిన వస్తువుకి ఉండే బరువు కొత్తగా కుట్టినదానికి అంత తేలిగ్గా రాదు.

కమాండో కోడీ జాకెట్ గురించి అందరూ ఎందుకంత మాట్లాడతారు?

మాట్లాడాల్సిందే. రిపబ్లిక్ పిక్చర్స్ వాళ్ళు 1949లో కింగ్ ఆఫ్ ద రాకెట్ మెన్ అని పన్నెండు భాగాల సీరియల్ తీశారు. అప్పట్లో సీరియల్ అంటే టీవీలో కాదు, వారానికో భాగం చొప్పున థియేటర్లోనే వేసేవాళ్ళు. హీరోకి లెదర్ జాకెట్, వీపున రెండు రాకెట్లు, తల మీద తూటా ఆకారంలో హెల్మెట్, ఛాతీ మీద తిప్పే బటన్లు: ఆన్, ఆఫ్, పైకి, కిందికి, వేగం, నిదానం. అంతే, ఇంకేం లేదు, ఎగిరిపోతాడు.

ఎగరడం తీసింది హోవర్డ్, థియోడర్ లైడెకర్ అన్నదమ్ములు. మనిషంత బొమ్మకి అవే బట్టలు తొడిగి, తీగల మీద కొండల మధ్య జారవిడిచి, నిజమైన ఆకాశం కింద, నిజమైన ఎండలో తీశారు. స్టూడియోలో వెనక తెర పెట్టి తీసినట్టు ఉండదు, నీడలు సరిగ్గా పడతాయి. డెబ్భై ఏళ్ళు దాటినా ఆ షాట్లు చూడబుద్ధేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. అంత కష్టపడి తీసిన ఎగిరే షాట్లు రిపబ్లిక్ వాళ్ళ దగ్గర ఉన్నాయి, మళ్ళీ తియ్యాలంటే ఖర్చు, వాటినే కొత్త సీరియల్‌లో పెట్టాలి. అందుకని కొత్త హీరో కూడా అదే జాకెట్, అదే హెల్మెట్ వేసుకోవాలి, లేకపోతే నేల మీద ఒకడు, గాల్లో ఇంకొకడు అయిపోతాడు. అలా 1952లో రాడార్ మెన్ ఫ్రమ్ ద మూన్ (హీరోకి కమాండో కోడీ అనే పేరు వచ్చింది ఇందులోనే), అదే ఏడాది జాంబీస్ ఆఫ్ ద స్ట్రాటోస్ఫియర్, ఆ తర్వాత కమాండో కోడీ: స్కై మార్షల్ ఆఫ్ ద యూనివర్స్. హీరోలు మారారు, మొదటిదాంట్లో ట్రిస్ట్రమ్ కాఫిన్, రెండోదాంట్లో జార్జ్ వాలెస్, తర్వాత రెండిట్లో జడ్ హోల్డ్రెన్. గాల్లో ఎగిరేది మాత్రం నాలుగిట్లోనూ చాలాసార్లు అదే బొమ్మ. ఇక్కడ సూట్ మళ్ళీ వాడటం పిసినారితనం కాదు, ఎడిటింగ్ టేబుల్ దగ్గర తీసుకున్న నిర్ణయం, సూట్ ఫుటేజ్‌ని కాదు, ఫుటేజే సూట్‌ని లాక్కొచ్చింది. నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో అర్థం చేసుకోవాల్సిన పాయింట్ ఇదే.

విలన్ల బట్టలదీ ఇదే కథ. 1945లో ద పర్పుల్ మాన్‌స్టర్ స్ట్రైక్స్ అనే సీరియల్‌లో రాయ్ బార్‌క్రాఫ్ట్ అంగారకుడి నుంచి వచ్చినవాడిగా ఒంటికి అతుక్కుపోయే సూట్ వేశాడు. అదే డ్రెస్ 1950లో ఫ్లయింగ్ డిస్క్ మ్యాన్ ఫ్రమ్ మార్స్‌లో, 1952లో జాంబీస్ ఆఫ్ ద స్ట్రాటోస్ఫియర్‌లో కనపడుతుంది. ఆ జాంబీస్‌లో అంగారకుడి వాళ్ళలో ఒక కుర్రాడు ఉంటాడు, నారబ్ అని పేరు, చిన్న పాత్ర. అతను లెనార్డ్ నిమోయ్, తర్వాత స్టార్ ట్రెక్‌లో స్పాక్ అయిన మనిషి.

ఫర్బిడెన్ ప్లానెట్ సామాను అన్ని చోట్లా ఉంటుందంటారు, నిజమేనా?

నిజమే, 1956లో ఎమ్‌జీఎమ్ వాళ్ళు ఆ సినిమా మీద బాగా ఖర్చుపెట్టారు, పెట్టిందంతా గోడౌన్‌లో మిగిలింది. అందులో వ్యోమగాములవి హెల్మెట్ పెట్టుకునే సూట్లు కాదు, బూడిదరంగు యూనిఫాంలు, అయినా ఈ జాబితాలో అవి లేకుండా కుదరదు.

క్వీన్ ఆఫ్ ఔటర్ స్పేస్, 1958, అలైడ్ ఆర్టిస్ట్స్ వాళ్ళది, ఝాఝా గాబోర్ ఉన్న సినిమా. వ్యోమగాములు వేసుకున్నవి ఫర్బిడెన్ ప్లానెట్ సిబ్బంది యూనిఫాంలు. ఫర్బిడెన్ ప్లానెట్‌లో ఆన్ ఫ్రాన్సిస్ ఆల్టైరా పాత్రకి వేసుకున్న డ్రెస్సులు ఇక్కడ శుక్రగ్రహం అమ్మాయిల మీద కనపడతాయి. రాకెట్ మోడల్ పైన చెప్పిన ఫ్లైట్ టు మార్స్‌ది, ఎందుకంటే అలైడ్ ఆర్టిస్ట్స్ అంటే పేరు మార్చుకున్న మోనోగ్రామే, వాళ్ళింటి సామానే వాళ్ళు వాడుకున్నారు. సెట్లు, ఎఫెక్ట్స్ కొన్ని అదే దర్శకుడు ఎడ్వర్డ్ బెర్న్డ్స్ 1956లో తీసిన వరల్డ్ విదౌట్ ఎండ్ నుంచి. ఒక సినిమాలో మూడు సినిమాలు ఉన్నాయి, ఓపిగ్గా చూస్తే ఏది ఎక్కడిదో విడదీయొచ్చు, నాకైతే రెండు ఆదివారాలు పట్టింది.

ట్వైలైట్ జోన్ సంగతి ఇంకా బాగుంటుంది. రాడ్ సెర్లింగ్ టీవీ సిరీస్, 1959 నుంచి 1964 దాకా, షూటింగ్ ఎమ్‌జీఎమ్ స్టూడియోలోనే, అంటే గోడౌన్ పక్కనే. 1960లో వచ్చిన ద మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్ చివర్లో కొండ మీద నుంచి చూసే గ్రహాంతరవాసులు వేసుకున్నవి ఆ యూనిఫాంలే. 1961లో ద ఇన్వేడర్స్, 1963లో డెత్ షిప్, ఈ రెండిట్లోనూ కనపడే పళ్ళెం ఆకారం నౌక ఫర్బిడెన్ ప్లానెట్ మోడల్. మేపుల్ స్ట్రీట్‌లో ఆ బట్టలు వాడటం నాకు చాలా నచ్చుతుంది. ఎందుకంటే 1956లో ఆ యూనిఫాంలు మన మనుషులవి, మనం వాళ్ళ వైపు ఉన్నాం, 1960లో అవే బట్టలేసుకున్నవాళ్ళు మన వీధిని చూసి మనుషులు ఒకరినొకరు ఎలా పీక్కు తింటారో లెక్క వేసుకుంటున్నారు. అనుకుని చేశారా, గోడౌన్‌లో చేతికందింది తీసుకున్నారా అన్నది పక్కన పెడితే, వరసలో చూసినవాడికి ఆ దెబ్బ తగులుతుంది.

టీవీలో వచ్చిన మెన్ ఇంటూ స్పేస్ సూట్లు ఎక్కడికి వెళ్ళాయి?

1959-60లో సీబీఎస్‌లో వచ్చిన సిరీస్ అది, జివ్ కంపెనీ తీసింది, 38 ఎపిసోడ్లు, విలియమ్ లండిగన్ హీరో. రాక్షసులూ రాణులూ ఉండరు, అమెరికా వైమానిక దళం సాయంతో వీలైనంత నిజంగా తీశారు, సూట్లు కూడా ఆ లెక్కలోనే పనికొచ్చేవాటిలా ఉంటాయి. 1960లో జివ్‌ని యునైటెడ్ ఆర్టిస్ట్స్ కొనేసింది. 1963లో మొదలైన ది ఔటర్ లిమిట్స్ యునైటెడ్ ఆర్టిస్ట్స్ టీవీ వాళ్ళది. కంపెనీతో పాటు బట్టలూ వచ్చాయి, 1964లో వచ్చిన మూన్‌స్టోన్, స్పెసిమెన్: అన్‌నోన్ ఎపిసోడ్లలో ఆ సూట్లు చూడొచ్చు. సూట్ ఎక్కడికి వెళ్ళిందో తెలియాలంటే ఏ కంపెనీని ఎవరు కొన్నారో చూడండి, సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

స్టార్ ట్రెక్‌లో వాడినవి?

మా ఇంట్లో స్టార్ ట్రెక్ అంటే ఆదివారం పొద్దున దూరదర్శన్, అర్థమైనా కాకపోయినా చూసేవాళ్ళం, స్పాక్ చెవులు చూసి మా చెల్లెలు తన చెవులు పైకి లాక్కునేది. అందులో స్పేస్‌సూట్లంటే గుర్తుండిపోయేది 1968లో వచ్చిన ద థోలియన్ వెబ్, విలియమ్ వేర్ థీస్ డిజైన్ చేసిన వెండిరంగు సూట్లు.

కానీ తిరిగి వాడిన లెక్కలో చెప్పాల్సింది 1969 నాటి ద శావేజ్ కర్టెన్. కల్నల్ గ్రీన్ అనే విలన్ ఎర్ర జంప్‌సూట్ వేసుకుంటాడు. తొమ్మిదేళ్ళ తర్వాత, 1978లో, అదే పారామౌంట్‌లో హ్యాపీ డేస్ అనే కామెడీకి ఓర్క్ గ్రహం నుంచి వచ్చినవాడు ఒకడు కావాల్సొచ్చింది, ఆ ఎర్ర సూట్ తీసి, ఛాతీ మీద వెండి త్రికోణం పెట్టి రాబిన్ విలియమ్స్‌కి వేశారు. ఆ పాత్రే తర్వాత మోర్క్ అండ్ మిండీ అనే సిరీస్ అయింది. ఒక హంతకుడి బట్టలు ఒక దేశం మొత్తం ప్రేమించిన అమాయకుడి బట్టలయ్యాయి, రంగు కూడా మార్చలేదు. నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఇది.

తర్వాత సినిమాల్లో కూడా. 1979లో మొదటి స్టార్ ట్రెక్ సినిమాకి దాదాపు 4 కోట్ల 40 లక్షల డాలర్లయింది, 1982లో రెండోది ద రాత్ ఆఫ్ ఖాన్ సుమారు 1 కోటి 20 లక్షల్లో తియ్యాల్సొచ్చింది. చెకోవ్, కెప్టెన్ టెరెల్ ఎడారి గ్రహం మీద దిగేటప్పుడు వేసుకున్న సూట్లు మొదటి సినిమావే, మార్పులు చేసినవి. యూనిఫాంల విషయంలో డిజైనర్ రాబర్ట్ ఫ్లెచర్ ఇంకా లోతుకి వెళ్ళాడు: పాత బట్టలకి రంగులు అద్ది చూస్తే కొన్ని రంగులే సరిగ్గా పట్టాయి, అందులో ముదురు ఎరుపు ఒకటి, ట్రైనీ క్యాడెట్ల జంప్‌సూట్లకి ఆ రంగు వేశారు. కొత్త యూనిఫాంల ఎరుపు కథ ఈ అద్దకం తొట్టిలోనే మొదలైంది. అద్దకం పని తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఒకసారి రంగేసిన గుడ్డ రెండో రంగుని తనిష్టం వచ్చినట్టు తీసుకుంటుంది.

నిజమైన పైలట్ల సూట్లు కూడా వాడారా?

వాడారు. బ్రిటన్‌లో విండాక్ అని వైమానిక దళం పైలట్ల కోసం చేసిన ఎత్తు ప్రదేశాల సూట్ ఒకటుంది. అది 1966లో డాక్టర్ హూ అనే బ్రిటిష్ టీవీ సిరీస్‌లో ద టెంత్ ప్లానెట్ కథలో, సైబర్‌మెన్ అనే విలన్లు మొదటిసారి కనపడిన కథ అది, వ్యోమగాముల మీద చూడొచ్చు. 1980లో స్టార్ వార్స్ సినిమా ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్‌లో డార్త్ వేడర్ ముందు వరసగా నిలబడే వేటగాళ్ళలో బల్లి మొహం వాడు, బాస్క్, వేసుకున్న పసుపు సూట్ కూడా విండాకే. బొమ్మలు కొనుక్కుని ఆడుకున్న పిల్లలందరూ అది గ్రహాంతరవాసి డ్రెస్ అనుకున్నారు, తీరా చూస్తే బ్రిటిష్ పైలట్‌ది.

రెండు చోట్ల ఒకేలా ఉంటే ఒకే సూట్ అన్నట్టేనా?

కాదు, ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఒకే *రకం* సూట్ వేరు, ఒకే *సూట్* వేరు. విండాక్‌లాంటిది ఫ్యాక్టరీలో చాలా చేశారు, కాబట్టి డాక్టర్ హూలో ఒకటి, స్టార్ వార్స్‌లో ఒకటి కనపడితే రకం ఒకటే అని చెప్పొచ్చు, అంతకుమించి చెప్పాలంటే ఒక మచ్చో, ఒక చిరుగో, ఒక మాసికో కలవాలి. సినిమా కోసం ప్రత్యేకంగా కుట్టినవైతే నాలుగో ఐదో ఉంటాయి, అక్కడ పని తేలిక. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, గుర్తులు కనీసం మూడు కలిసేదాకా "అదే సూట్" అనకండి, "అలాంటిదే" అనండి.

సూట్ కుదరకపోతే ఏం చేసేవాళ్ళు?

రోబాట్ మాన్‌స్టర్ చూడండి, 1953. దర్శకుడు ఫిల్ టక్కర్ దగ్గర రోబో డ్రెస్ చేయించే డబ్బు లేదు. జార్జ్ బారోస్ అనే నటుడికి సొంత గొరిల్లా డ్రెస్ ఉంది. దాని మీద హెల్మెట్ పెట్టి బ్రాన్సన్ కాన్యన్‌లో నాలుగు రోజుల్లో సినిమా పూర్తి చేశారు. చాలామంది దీన్ని చూసి నవ్వుతారు. నేను నవ్వలేను, ఆ మండే ఎండలో ఆ బొచ్చు డ్రెస్‌లో కొండలెక్కి దిగిన మనిషి కష్టం కనపడుతుంది.

మళ్ళీ వాడకూడదని ఎవరైనా పట్టుబట్టారా?

స్టాన్లీ కుబ్రిక్. తను తీసిన 2001: ఎ స్పేస్ ఒడిస్సీ అయ్యాక సెట్లూ మోడళ్ళూ వేరే సినిమాల్లో కనపడకుండా ధ్వంసం చేయించాడు. 1984లో పీటర్ హయమ్స్ దాని కొనసాగింపు సినిమా 2010 తీసేటప్పుడు డిస్కవరీ నౌకని పాత సినిమా ఫ్రేములు చూసి మళ్ళీ కట్టాల్సి వచ్చింది. కుబ్రిక్ భయం నాకర్థమవుతుంది, తన నౌక రేపు ఏదో చవక సినిమాలో తేలితే తన సినిమా విలువ పోతుందని. అయినా ఆయనతో ఏకీభవించలేను. బట్టలు, మోడళ్ళు చేసిన మనుషుల చేతిపని కూడా అందులో ఉంది, అది ఒక్కరి సొంతం కాదు.

ఆయనవి ఒక్కటీ మిగల్లేదా?

కొన్ని బతికాయి. 2020లో లాస్ ఏంజెలెస్‌లో జూలియన్స్ వాళ్ళ వేలంలో 2001 సూట్ ఒకటి 3,70,000 డాలర్లకి పోయింది. దాని హెల్మెట్ మీద తెల్ల పెయింట్ కింద వేరే రంగుల పొరలున్నాయి, అందులో ఆకుపచ్చ ఒకటి. సినిమాలో వ్యోమగామి బోమన్ హాల్ అనే కంప్యూటర్ మెదడు ఆపడానికి వెళ్ళేటప్పుడు ఎర్ర సూట్ మీద ఆకుపచ్చ హెల్మెట్ ఉంటుంది గుర్తుందా, ఆ పొర అంత ముఖ్యమైంది ఇందుకే. అంటే ఒకే సినిమా లోపల కూడా హెల్మెట్లని మళ్ళీ రంగేసి వాడారన్నమాట.

మిగతా పాత సూట్లు ఇప్పుడెక్కడున్నాయి?

చాలావరకు లేవు. రబ్బరు పెళుసుబారుతుంది, ఫోమ్ పొడై రాలిపోతుంది, ప్లాస్టిక్ పసుపు పడుతుంది. నాసా వాళ్ళ నిజమైన సూట్లకే ఈ బాధ తప్పలేదు, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ సూట్‌ని బాగుచేయడానికి స్మిత్‌సోనియన్ 2015లో జనం దగ్గర చందాలు అడిగి 2019లో మళ్ళీ ప్రదర్శనకి పెట్టింది. సినిమా సూట్ రెండు నెలల షూటింగ్ కోసం కుట్టింది, దానికి అంత చాకిరీ ఎవరు చేస్తారు. 1970లో ఎమ్‌జీఎమ్ తన గోడౌన్లు ఖాళీ చేసి వేలం వేసినప్పుడు ఎంత సామాను ఎక్కడెక్కడికో చెల్లాచెదురైంది. ఫర్బిడెన్ ప్లానెట్ రోబో రాబీ మాత్రం బతికి, 2017లో బాన్‌హామ్స్ వేలంలో 53,75,000 డాలర్లు పలికింది. ఆ యూనిఫాంలు కుట్టిన వాళ్ళలో ఒక్కరి పేరు కూడా తెర మీద పడలేదు, ఈ అంకె చూసినప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది.

పాత కాస్ట్యూమ్ ఏదైనా చూసే అవకాశం దొరికితే లోపలివైపు చూడండి, కాలర్ దగ్గర చిన్న గుడ్డ చీటీ మీద నటుడి పేరు రాసి కుట్టి ఉంటుంది, వెస్టర్న్ కాస్ట్యూమ్ వాళ్ళు అలాగే చేసేవాళ్ళు. బయట గ్రహాలు ఎన్ని మారినా లోపల మొదటివాడి పేరు ఉండిపోతుంది.

ఇప్పటికీ చేస్తున్నారా?

చేస్తున్నారు. 1997 స్టార్‌షిప్ ట్రూపర్స్ కవచాలు 2002లో ఫైర్‌ఫ్లై అనే టీవీ సిరీస్‌లో సైనికుల మీద ఉన్నాయి. డాక్టర్ హూలో 2006 నాటి నారింజ రంగు సూట్ 2009లో ద వాటర్స్ ఆఫ్ మార్స్‌లో మళ్ళీ వచ్చింది, అయితే అక్కడ అది డాక్టర్ సొంత సూట్ అన్నట్టు కథలోనే కలిపేశారు.

నేను కూడా చూడాలనుకుంటున్నా, ఏ వరసలో చూడమంటారు?

ముందు డెస్టినేషన్ మూన్, రాకెట్‌షిప్ ఎక్స్-ఎమ్, ఆ వెంటనే ఫ్లైట్ టు మార్స్, మధ్యలో ఇంకేం పెట్టకండి, కళ్ళల్లో సూట్లు ఇంకా తాజాగా ఉండాలి. రెండో విడత ఫర్బిడెన్ ప్లానెట్, క్వీన్ ఆఫ్ ఔటర్ స్పేస్, తర్వాత ట్వైలైట్ జోన్‌లో మేపుల్ స్ట్రీట్. వీలైతే కలర్ సినిమాలు మంచి ప్రింట్‌లో చూడండి, యూట్యూబ్‌లో అరిగిపోయిన కాపీల్లో అతుకులు కనపడవు. పక్కన కాగితం పెట్టుకోండి, సూట్ కనపడగానే ఆపి మెడ రింగు బొమ్మ గీసుకోండి, స్క్రీన్‌షాట్ కంటే చేత్తో గీసిందే బాగా గుర్తుంటుంది. క్వీన్ ఆఫ్ ఔటర్ స్పేస్‌లో రాకెట్ కనపడ్డప్పుడు ఫ్లైట్ టు మార్స్ కాగితం తీసి చూడండి.